కమాన్ కట్ట చేసే రెండో పని

2024 ఎండాకాలమంతా మా ఇంట్లో అన్నాల దగ్గర ఒకటే గొడవ. కూరలో ఉప్పు తక్కువైందనో, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందనో కాదు. పాత పికప్పు బండికి ముందువైపున్న కమాన్ కట్టలు ఉంచాలా, పీకేయాలా అని. ఉంచాలని మా వారు. పీకేసి కాయిలోవర్లు పెట్టాలని మా పెద్దాడు. ఇద్దరి మధ్యా మజ్జిగ గిన్నె పట్టుకుని నేను.

వంటింట్లో ఉండే మనకి ఈ బండి గోలెందుకు అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. చివరికి ఆ గోలలో అందరికంటే పెద్ద తప్పు చేసింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. అది మా మామగారు కొన్నది. ముందూ వెనకా కమాన్ కట్టలే ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత రకం. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా ఆ బండిని ఇంట్లో అందరూ "నాన్నగారి బండి" అనే అంటారు. మేం ఉండేది తెనాలిలో. మాకు రేపల్లె అవతల, నిజాంపట్నం వైపు, రెండు రొయ్యల చెరువులు కౌలుకు ఉన్నాయి. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా రోడ్డుకు లోటు లేదు. ఆ తర్వాత తారురోడ్డు దిగి చెరువుల దాకా వెళ్ళే రెండు కిలోమీటర్ల గట్టు దారి ఉంది చూడండి, అదీ అసలు కథ. వాన పడితే నల్లమట్టి జిగురైపోతుంది. ఎండితే ట్రాక్టర్లు తొక్కిన గాళ్ళు రాయిలా గట్టిపడిపోతాయి. కొత్త బండి మేత బస్తాలతో తారురోడ్డు వరకూ వస్తుంది. అక్కణ్ణించి గట్టు మీదికి మోసేది నాన్నగారి బండే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మా పుట్టిల్లు. ఆ రోజు పొద్దున్నుంచీ నాకు ఫోను చెవి దగ్గరే. అటు అమ్మ, తమ్ముడు. ఇటు చెరువుల దగ్గర మా వారు, పెద్దాడు. "1977 నవంబరు ఉప్పెన చూసినదాన్నే, నా సంగతి ఎందుకు, ముందు నీ వాళ్ళని గట్ల మీంచి రమ్మను" అంది అమ్మ. వాళ్ళు రాలేదు. రాలేరు కూడా. వెనామీ చెరువు పెంచినవాళ్ళకి తెలుస్తుంది. చీకటి పడ్డాక నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతూ పోయి, తెల్లారుజామున అడుగంటుతుంది. ఏరియేటర్లు తిరగాల్సిందే. కరెంటు పోతే జనరేటరు. జనరేటరుకి డీజిలు.

డీజిలు క్యాన్లు వేసుకుని మా వారు రేపల్లె నుంచి బయల్దేరారు. గట్టు ఒకచోట కోసుకుపోయి ఉంది. ముందు ఎడమ చక్రం ఆ గండిలో పడింది. పడితే పడింది, కింద నేలను అందుకుంటే బయటపడేది. అందుకోలేదు. గాల్లో వేలాడింది. దానికి ఎదురుమూలన వెనక కుడి చక్రం పైకి లేచింది. గాల్లో ఉన్న చక్రాలు రెండూ గిరగిరా తిరుగుతున్నాయి, నేల మీద ఉన్న రెండూ కదలడం లేదు. బలం ఎప్పుడూ సులువుగా తిరిగే చక్రానికే పోతుందట. ఆ వానలో తండ్రీ కొడుకులు క్యాన్లు భుజాన పెట్టుకుని నడిచారు. వెళ్ళేసరికి ఒక చెరువు దక్కింది. రెండోదాంట్లో రొయ్య తేలిపోయింది.

ఆ నష్టం ఎంతో ఇక్కడ లెక్క చెప్పను. ఆ ఏడు సంక్రాంతికి మా ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవని మాత్రం చెప్తాను.

పెద్దాడు ఆ చక్రాన్ని మర్చిపోలేదు. డిప్లొమా మెకానికల్ చదివి, విజయవాడ ఆటోనగర్లో రెండేళ్ళు ఒక షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. "ఆ చక్రం ఇంకో ఆరంగుళాలు కిందికి దిగి ఉంటే నేల దొరికేదమ్మా. చెరువు దక్కేది" అనేవాడు. ఆ దిగకపోవడానికి కారణం కమాన్ కట్టలని వాడి వాదం. వాళ్ళ నాన్న మాత్రం "ఫోన్లో ఆ ఎడారి పందేల వీడియోలు చూసి చూసి వీడికి పిచ్చి పట్టింది" అనేవారు. మెక్సికోలో బాహా అని ఎడారి ఉందట, 1967 నుంచీ అక్కడ కార్లూ ట్రక్కులూ పందేలు పరిగెడతాయట. ఆ ట్రక్కులకి ఉండేవి ఈ కాయిలోవర్లే. మన దేశంలో 2020లో వచ్చిన కొత్త థార్ జీపుకి కూడా కంపెనీవాళ్ళే అలాంటివి పెట్టి ఇచ్చారు. "అది వాళ్ళు పుట్టుకతో పెట్టారు. మనది కోసి అతికించడం" అని మా వారి జవాబు.

ఒకరోజు వాడు వంటింట్లోకొచ్చి డబ్బు అడిగాడు. నా చీటీ పాట వచ్చిందని వాడికి తెలుసు. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు. అర్థమైతే ఇస్తా" అన్నాను. తప్పించుకోవడానికే అన్నాను. వాడు నిజంగానే చెప్పడానికి కూచున్నాడు.

కమాన్ అంటే పారసీలో విల్లు. పేరుకు తగ్గట్టే వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో బిగిస్తే కమాన్ కట్ట. బరువు పడితే వంపు తగ్గుతుంది, బరువు తీస్తే మళ్ళీ వంగుతుంది. సరుకు మోసే బండికి అది బంగారం. కానీ ఆ పట్టీలు బరువుకి సరిపోయేలా మందంగా చేసినవి కాబట్టి ఖాళీ బండికి కొయ్యలాగా ఉంటాయి. గతుక్కి చక్రం ఒక్కటీ కదలక బండి మొత్తం ఎగిరిపడుతుంది. నడుం నొప్పి మనకి.

"కాయిలోవరు నువ్వు రోజూ చూసేదే" అని నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి మోటారు సైకిలు వెనక చక్రం చూపించాడు. చుట్టలు తిరిగిన స్ప్రింగు, దాని నడుమ గొట్టంలాంటి షాకబ్జరు. రెండూ కలిసి ఒకే ముక్క. ఇరవయ్యేళ్ళుగా దాని వెనకే కూచుని గుడికీ సంతకీ వెళ్ళాను గానీ ఒక్కసారీ దాన్ని చూడలేదు. స్ప్రింగు బరువు మోస్తుంది. కానీ స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒకసారి నొక్కి వదిలాక ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది గొట్టంలో ఉన్న నూనె. లోపల పిస్టను కదిలినప్పుడల్లా నూనె చిన్న చిన్న బెజ్జాల్లోంచి దూరి పోవాలి.

"జంతికల గొట్టంలాగానా?" అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది. "అచ్చం అంతే! మెల్లిగా నొక్కితే పిండి మెల్లిగా దిగుతుంది. గబుక్కున నొక్కితే చేతికి ఎదురు తిరుగుతుంది కదా. షాకబ్జరు కూడా చిన్న గతుక్కి మెత్తగా, పెద్ద గతుక్కి గట్టిగా ఉంటుంది."

పైగా ఆ గొట్టం మీద మర ఉంటుంది, దాని మీదున్న బిళ్ళని తిప్పితే స్ప్రింగు కూచునే చోటు పైకీ కిందికీ జరుగుతుంది, బండి ఎత్తు మార్చుకోవచ్చు. అదంతా ముందుకే, వెనక కట్టలు ముట్టుకోనన్నాడు. సరుకు బరువు చాలావరకు వెనక్కే పడుతుంది కాబట్టి అవి అలాగే ఉండాలి. ముందు ఇంజను బరువు ఎప్పుడూ ఒకటే కాబట్టి దానికి సరిపడే స్ప్రింగు వెతకడం తేలిక. నాకు అర్థమైంది. అర్థం కావడమే నా కొంప ముంచింది.

అయినా ఒక్క మనిషిని అడుగుదామనుకున్నాను. మా బండికి ముప్పయ్యేళ్ళ నుంచీ కట్టలు సరిచేసే సాయిబుగారు తెనాల్లోనే ఉన్నారు. నేను వాళ్ళింటికి వెళ్ళి అడిగితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రెండు చేతులూ చాపి చూపిస్తూ చెప్పారు.

"అమ్మా, కట్ట ఒక్క పని చెయ్యదు, రెండు చేస్తది. బరువు మోసేది అందరికీ కనపడతది. రెండోది కనపడదు. ఇరుసును పట్టుకునేది కూడా ఆ కట్టే. ముందుకి పోకుండా, వెనక్కి పోకుండా, పక్కకి జరక్కుండా. నువ్వు కట్ట తీసి స్ప్రింగు పెడితే స్ప్రింగు మోస్తదంతే. పట్టుకోదు. మరి పట్టుకునేదెవరో ముందు చెప్పమను మీవాణ్ణి."

ఇంటికొచ్చి అడిగాను. వాడికి తెలుసు. రెండు పక్కలా రెండు పొడుగాటి చేతుల్లాంటి రాడ్లు ఇరుసు నుంచి ఛాసిస్‌కి కడతారు, అవి ముందూ వెనకలు పట్టుకుంటాయి. అడ్డంగా ఇంకో రాడ్డు, దాన్ని పాన్‌హార్డ్ రాడ్ అంటారు, అది పక్కలకి జరక్కుండా పట్టుకుంటుంది. ఆ అడ్డ రాడ్డు స్టీరింగు రాడ్డుకి సమానంగా, ఒకే వాలులో ఉండాలి. లేకపోతే గతుకు పడ్డప్పుడల్లా స్టీరింగు దానంతట అదే తిరుగుతుంది. కాగితం మీద అన్నీ గీసి చూపించాడు. నాకు గర్వమేసింది. నా కొడుకు ఇంత తెలిసినవాడా అని.

లక్షా పదివేలు ఇచ్చాను. మా వారికి చెప్పలేదు. "నీ రెండేళ్ళ జీతంలో దాచుకున్నదని చెప్పు" అని కొడుక్కి అబద్ధం కూడా నేనే నేర్పాను.

మే నెలలో అత్తయ్యకి గుంటూరులో మోకాలు ఆపరేషను జరిగింది. మా వారు పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు. చెరువులు ఎండగట్టి ఉన్నాయి, పంట లేదు. వాడికి అదే అదను. బండి ముందు భాగాన్ని కాటా మీద పెట్టి తూచాడు. రేపల్లె నుంచి వెల్డరుని తెచ్చుకుని చెరువుల దగ్గర షెడ్డులోనే పని మొదలుపెట్టాడు. యూ బోల్టులు విప్పి కట్టలు దించారు. ఛాసిస్‌కి రెండు పక్కలా ఇనుప దిమ్మెల్లాంటివి నిలబెట్టి, కాయిలోవర్ల పై కొసలు వాటికి బిగించారు, కింది కొసలు ఇరుసుకి. నేను ఒకరోజు క్యారేజీ తీసుకుని వెళ్ళి చూశాను. వాడు ముందు చక్రం ఒక్కటీ దిమ్మ మీదికి ఎక్కించాడు. చక్రం ముడుచుకుని పైకి పోయింది, బండి మాత్రం దాదాపు నిటారుగానే నిలబడింది. మిగిలిన మూడూ నేల మీదే. నేను చప్పట్లు కొట్టాను.

మా వారు తిరిగొచ్చి చూశారు. బండి కింద వంగి చూసి, లేచి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బావుండేది. నెల రోజులు ఆ బండెక్కలేదు. తారురోడ్డు దగ్గర కొత్త బండి ఆపి ఆ రెండు కిలోమీటర్లూ నడిచి వెళ్ళేవారు. కొడుకుతో పనికి సంబంధించిన మాటలే. ఇంట్లో "ఉప్పు" అంటే ఉప్పు, "నీళ్ళు" అంటే నీళ్ళు. నేను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరిగాను.

జూన్ చివర్లో కొత్త పిల్ల వదలడానికి చెరువులు సిద్ధం చేస్తున్నారు. ఆ రోజు నేనూ వెళ్ళాను, పూజ చేయించడానికి. తారురోడ్డు దగ్గర ఆయన్ని బతిమాలాను. "నా కోసం ఒక్కసారి ఎక్కండి. వాడి మొహం చూడలేకపోతున్నా" అన్నాను. ఆయన ఏమీ అనకుండా తాళం తీసుకుని ఎక్కారు. నేను పక్కన కూచున్నాను. వాడు కొత్త బండి దగ్గర మేత బస్తాలు దించిస్తున్నాడు.

గట్టు మీద ఒక్క కుదుపు లేదు. గాళ్ళలోంచి బండి పడవలా పోతోంది. ఆయన మొహంలో ఏదో కదిలింది, నేను ఓరగా చూశాను. "మెత్తగానే ఉంది" అన్నారు. నెల తర్వాత ఆయన అడక్కుండా అన్న మొదటి మాట అదే.

తుఫానుకి కోసుకుపోయి మళ్ళీ పూడ్చిన ఆ గండి దగ్గర మట్టి కుంగి ఉంది. ముందు ఎడమ చక్రం అందులోకి దిగింది. ఈసారి గాల్లో వేలాడలేదు. వాడు చెప్పినట్టే ఇంకా కిందికి దిగి నేలని అందుకుంది. బండి ఆగకుండా పైకి వచ్చేసింది. నేను ఆయన వైపు తిరిగి ఏదో అనబోయాను. ఆ ముందు చెరువులోకి దిగే వాలు. ఆయన బ్రేకు తొక్కారు. పాదం మెత్తగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మళ్ళీ మళ్ళీ తొక్కారు. వెనక బ్రేకులు కాస్త పట్టాయేమో, వేగం తగ్గింది గానీ ఆగలేదు. గేరు తగ్గించి హ్యాండు బ్రేకు లాగారు. బండి ఆగేసరికి ముందు చక్రం గట్టు అంచు దాటి ఉంది. ఎదురుగా చెరువు, నా ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం. ఆయన చెయ్యి నా గుండెలకి అడ్డంగా ఉంది. ఎప్పుడు పెట్టారో తెలీదు.

సంగతేమిటో సాయంత్రానికి తేలింది. చక్రం ఇదివరకటి కంటే కిందికి దిగుతోంది కదా, దానితోపాటు దిగాల్సిన బ్రేకు హోస్ పైపు మాత్రం పాతదే. పొట్టిది. గండిలో చక్రం పూర్తిగా దిగేసరికి లాగుడికి అది చిట్లి నూనె కారిపోయింది. రాడ్లన్నీ గట్టిగానే ఉన్నాయి, అతుకులు ఒక్కటీ వదల్లేదు. అంత పని చేసినవాడు జానెడు రబ్బరు పైపు మర్చిపోయాడు. పెద్దాడు షెడ్డు గోడకి ఆనుకుని కూచుని ఏడ్చాడు. మీసాలొచ్చిన కొడుకు అలా ఏడవడం చూడ్డం చాలా కష్టమండీ.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆయన నన్ను అడిగారు. "వాడు దాచుకున్న డబ్బు కాదది. నీదే కదూ?"

"నాదే. చీటీ డబ్బు" అన్నాను.

"నాకు మొదట్నుంచీ తెలుసు. ఆటోనగర్లో వాడికిచ్చే జీతం నాకు తెలీదా? నువ్వే చెప్తావని నెల రోజులు చూశా" అన్నారు. కాసేపాగి, "పైపు సంగతి ఎవరైనా మర్చిపోవచ్చు. నేనక్కడ ఉండి ఉంటే చూసేవాణ్ణి. నన్ను లేకుండా చూసి చేశారు మీరు" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాయిబుగారు చేతులు చాపి చెప్పింది గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆయన కాదనడం ఒక అడ్డమని ఇరవై రెండేళ్ళుగా నేననుకుంటూ వచ్చాను. కొత్త ఫ్రిజ్ అంటే కాదు, టూరు అంటే కాదు, బండి మార్పు అంటే కాదు. బరువు ఆయన మోస్తున్నారని మాత్రం తెలుసు. ఆ కాదనడంలోనే ఇంటిని పక్కకి జరక్కుండా పట్టుకోవడం కూడా ఉందని తెలీలేదు. ఆయన్ని పక్కన పెట్టేశాను గానీ, ఆ రెండో పని ఎవరు చేస్తారని ఆలోచించలేదు. బండి విషయంలో కొడుకుని అడిగాను, ఇంటి విషయంలో నన్ను నేను అడగలేదు.

ఇది చదివి "అయితే మగవాళ్ళు ఎలా చెప్తే అలా పడి ఉండాలా" అని మీలో కొందరికి కోపం రావచ్చు. నా ఉద్దేశం అది కాదు. ఎదురుగా నిలబడి "నేను ఇస్తున్నాను, ఎందుకిస్తున్నానో ఇదీ" అని పోట్లాడి ఇచ్చి ఉంటే, ఆయన అరిచేవారు. అరిచి, తర్వాత వచ్చి బండి కింద దూరి చూసేవారు. పోట్లాడే ధైర్యం లేక నేను దొంగచాటు దారి పట్టాను. దానికి మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఆయనే సాయిబుగారిని తీసుకుని చెరువుల దగ్గరికి వెళ్ళారు. ముగ్గురూ కలిసి బండి పైకెత్తి, చక్రాలు రెండూ పూర్తిగా కిందికి వేలాడేసి కొలిచారు. పొడుగు హోస్ పైపులు వేశారు. అంతకంటే కిందికి చక్రం దిగకుండా రెండు వైపులా బెల్టులు కట్టారు. పైపు మీదా, షాకబ్జరు మీదా లాగుడు పడకముందే ఆ బెల్టు బిగుసుకుంటుంది. స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందా అని చూశారు. రెండ్రోజులు గట్టు మీద తిప్పాక ప్రతి బోల్టునీ మళ్ళీ బిగించారు. ఇవన్నీ మొదటి రోజే చెయ్యాల్సినవి. పెద్దాడు ఒక పుస్తకంలో వరసగా రాసుకున్నాడు. ఇప్పుడు ఏ పని చేసినా ఆ పుస్తకం తీస్తాడు.

మా వారు ఇంకో సంగతి కూడా కనుక్కొచ్చారు. మీ ఇళ్ళల్లో పిల్లలు బళ్ళు మారుస్తామంటే ఇది తప్పకుండా చెప్పండి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్.సి.లో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ప్రమాదం జరిగితే బీమావాళ్ళు పేచీ పెట్టే వీలూ ఉంది. అందుకని మా బండి మళ్ళీ తారురోడ్డు ఎక్కలేదు. గట్ల మీదే పుట్టినట్టు గట్ల మీదే తిరుగుతోంది. సూర్యలంక ఇసుకలో తిప్పి మా తమ్ముడికి చూపిస్తానని వాడికి ఆశ ఉండేది. అది మానుకున్నాడు. మానుకోమని వాళ్ళ నాన్న చెప్పలేదు, వాడే మానుకున్నాడు.

సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరద వచ్చింది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతుంటే రేపల్లె వైపు కరకట్ట ఊళ్ళవాళ్ళందరం ఊపిరి బిగబట్టుకుని కూచున్నాం. మా చెరువుల దాకా వరద రాలేదు గానీ, వాన వదల్లేదు, కరెంటు లేదు. రాత్రి ఒంటిగంటకి డీజిలు అయిపోవచ్చిందని కాపలా మనిషి ఫోను చేశాడు. తండ్రీ కొడుకులు బయల్దేరారు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి కూచున్నాను. ఆ పొట్టి పైపే కళ్ళ ముందు.

రెండున్నరకి ఫోను మోగింది. మా వారు. "చేరాం. జనరేటరు నడుస్తోంది. పడుకో" అన్నారు. తర్వాత నవ్వు వినపడింది. "గండి దగ్గర నేనే నడిపా. వాడు దిగి టార్చి పట్టుకుని చక్రం చూశాడు. నాలుగూ నేల మీదే ఉన్నాయిలే."

ఇక ఆ తీసేసిన కమాన్ కట్టలు. పాత ఇనుముకి వేసేద్దామన్నాడు పెద్దాడు. మా తెనాల్లో పాత ఇనప సామాన్లతో పెద్ద పెద్ద విగ్రహాలు చేసే శిల్పులున్నారు కదా, వాళ్ళకిస్తే తాతయ్య విగ్రహమే చేస్తారని నవ్వాడు కూడా. మా వారు ఇవ్వనివ్వలేదు. ఒక పట్టీ మాత్రం పట్టుకెళ్ళి ఎక్కడో ఇచ్చొచ్చారు. ఏమిటంటే చెప్పలేదు.

దసరాకి ముందు ఆయుధ పూజ రోజున కాగితంలో చుట్టిన బరువైన వస్తువొకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. విప్పి చూస్తే కత్తిపీట. కమాన్ పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెట్టించి, చింత చెక్క పీటకి బిగించింది. కమాన్ ఉక్కు కత్తికి చాలా మంచిదని, మా మామగారి కాలంలో కొడవళ్ళు కూడా దానితోనే చేయించేవారని చెప్పారు.

"ఇది చేయించడానికి ఎంతయ్యింది?" అన్నాను.

"నా డబ్బే. నీకు చెప్పే ఖర్చుపెట్టానుగా ఇప్పుడు" అని బయటికెళ్ళిపోయారు.

పసుపు రాసి బొట్టు పెట్టాను. మర్నాటి నుంచి వంకాయలూ దోసకాయలూ దాని మీదే. గోంగూర కాడలు మాత్రం దాని పదునుకి చేతికి తెలియకుండానే తెగిపోతున్నాయి, కాస్త చూసుకుని కొయ్యాలి.